మొదటి తూటా మామయ్యది

బఖూబా
ఇరాక్, అక్టోబరు 9, 2003

మామయ్యా,

ఈ ఉత్తరం అమ్మకు తెలియకుండా రాస్తున్నాను. తెలిస్తే "వాడి మానాన వాణ్ణి ఉండనివ్వు" అంటుంది. నువ్వు అమ్మాన్ వెళ్ళి రెండు నెలలవుతోంది. అమ్మమ్మకు రెండు ఉత్తరాలు పంపావు. రెండింటిలోనూ నువ్వు క్షేమం, మేము క్షేమమని తలుస్తున్నావు, అంతే. ఇరవై ఏళ్ళు పిల్లలకు భూగోళం చెప్పిన మనిషి ఉత్తరంలో అక్కడ ఎండగా ఉందో చలిగా ఉందో అయినా ఉండాలి కదా.

అసలు సంగతి. ముహన్నద్ అన్నయ్య పెళ్ళి కుదిరింది. బక్రీదు పండగ వెళ్ళాక రెండో గురువారం. అప్పటికి తోటల్లో నారింజలు ఇంకా చెట్ల మీదే ఉంటాయి. అమ్మమ్మ ఆ రోజే తాతయ్య వేటతుపాకిని పెట్టెలోంచి తీయించింది. దుప్పటి విప్పి, నూనె రాయించి, పసిపాపను చుట్టినట్టు మళ్ళీ చుట్టించింది.

"మేనమామ మొదటి తూటా పేల్చకుండా ఈ ఇంట్లో ఏ పెళ్ళికొడుకూ గడప దాటలేదు. ధాఫిర్ వస్తాడు" అంది.

నాన్న వైపు వాళ్ళంతా అప్పుడే తమ తుపాకులు తుడుచుకుంటున్నారు. నువ్వు పేల్చాకే వాళ్ళ వంతు. అబూ లైస్ పెదనాన్న ఊరుకుంటాడా? "మీ ధాఫిర్ అమెరికా వాళ్ళ బూట్ల చప్పుడుకే దేశం దాటాడు. తుపాకి ఏమెత్తుతాడు?" అన్నాడు.

అమ్మమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. "నా కొడుకు బూట్లకు భయపడలేదు నాయనా. నీ నోటికి భయపడ్డాడు" అంది.

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నువ్వు ఎందుకు వెళ్ళావో నాకూ తెలియదు మరి. నా పరీక్ష ఫలితాలు వచ్చిన మూడో రోజు పొద్దున నీ మంచం ఖాళీగా ఉంది. బాగా చదివావని ఒక్క మాటైనా అనకుండా వెళ్ళిపోయావు.

నాకు పెళ్ళి తలచుకుంటే సంతోషంతో పాటు భయం కూడా వేస్తోంది. వంతెన మీద అమెరికా సైనికుల కాపలా అలాగే ఉంది. ఫలితాల రోజు సాయంత్రం ఎవరో సంబరంతో గాల్లోకి కాలిస్తే, వాళ్ళు తమ మీదకే అనుకుని మన వీధి మీదకు కాల్చారు కదా. హాజిమ్ బాబాయి రొట్టెల కొట్టు ఆ రోజు నుంచీ మూతపడే ఉంది. పెళ్ళిలో పది తుపాకులు ఒక్కసారి పేలితే వాళ్ళు ఏమనుకుంటారు?

నేను కాలేజీలో ఇంగ్లీషు విభాగంలో చేరాను. కొత్త మాట వినపడితే చాలు, పుస్తకంలో రాసుకుంటున్నాను. టెలిఫోను భవనం కూలాక మన ఊరికి తపాలా అంటే అమ్మాన్ బండి నడిపే సబ్రీయే. జవాబు అతని చేతికే ఇవ్వు. వస్తున్నావా లేదా?

నీ మేనకోడలు,
నవార్


అమ్మాన్
అక్టోబరు 27

నవార్ తల్లీ,

ఇక్కడ ఎండగా ఉంది. సాయంత్రం కొండల మీంచి చలిగాలి వస్తుంది. చాలా?

నేను ఒక పెన్సిళ్ళ కొట్లో కూర్చుంటున్నాను. మొన్న ఒక పెద్దమనిషి మనవడి కోసం గ్లోబు కొన్నాడు. ఇరాక్ చూపించమన్నాడు. వేలు పెట్టి చూపించాను. తర్వాత అమెరికా చూపించమన్నాడు. గ్లోబు సగం తిప్పాల్సి వచ్చింది. ఆయన కాసేపు ఆ దూరం చూసి, "ఇంత దూరం నుంచి ఇంత చిన్నదాని కోసమా? వీళ్ళ ఇంట్లో పనేం లేదా?" అన్నాడు. నేను గ్లోబు పొట్లం కట్టి ఇచ్చాను. పాఠం చెప్పే ఉద్యోగం కాదు కదా ఇప్పుడు.

పెళ్ళికి రాలేను. దారి బాగాలేదని సబ్రీయే చెబుతాడు. ముహన్నద్‌కు నా దీవెనలు. మేనమామ లేడు కాబట్టి మొదటి తూటా లేదు, మొదటిది లేదు కాబట్టి రెండోదీ లేదు. అబూ లైస్‌కు ఈ మాట నా మాటగా చెప్పు. మీ అమ్మమ్మ ఒప్పుకోకపోతే ఆ తుపాకిని పెట్టెలో అడుగున వేసి, పైన పరుపులు పేర్చు. దాన్ని ఎవరూ ముట్టుకోవద్దు.

తుపాకిని పసిపాపతో పోల్చావు. ఆ పోలిక నాకు నచ్చలేదు. ఇంకోటి వెతుకు.

ఇంతకీ, రొట్టె ఇప్పుడు ఎక్కడ కొంటున్నారు?

ధాఫిర్


బఖూబా
నవంబరు 14

మామయ్యా,

నీ మాట అబూ లైస్ పెదనాన్నకు చెప్పాను. "మేనమామ ఉండి కాల్చకపోతే మేం ఆగుతాం. అసలు రానేరాకపోతే ఆ హక్కు పెద్దవాణ్ణి నాది. నేనే కాలుస్తా. మూడు తుపాకులతో కాలుస్తా" అన్నాడు. నీ తర్కం ఆయన దగ్గర పారలేదు.

ఇక్కడ ఇంకో సంగతి జరిగింది. మంగళవారం పొద్దున్నే సైనికులు మన వీధి అంతా సోదా చేశారు. మన ఇంటికి వచ్చిన సార్జెంటుకు ముఖం నిండా మచ్చలు, వయసు ముహన్నద్ అన్నయ్య కంటే తక్కువే ఉంటుంది. ముఖానికి గుడ్డ కట్టుకున్న దుబాసీ ఒకడు వెంట ఉన్నాడు గానీ, అతను సగం మాటలు మింగేస్తున్నాడు. మిగతా సగం నేనే చెప్పాల్సి వచ్చింది.

ఇంటికి ఒక్క తుపాకే ఉండొచ్చట. మన ఇంట్లో రెండు దొరికాయి, నాన్న కలాష్నికోవ్, తాతయ్య వేటతుపాకి. ఒకటి ఎంచుకోమన్నాడు. నాన్న నోరు తెరిచేలోపే అమ్మమ్మ తాతయ్య తుపాకి మీద చెయ్యి వేసింది. నాన్న ముఖం చూడాలి నువ్వు.

సార్జెంటు తాతయ్య తుపాకిని రెండు చేతులతో ఎత్తి, కర్ర మీద వేలితో నిమిరాడు. "చాలా మంచి తుపాకి. మా తాత దగ్గర ఇలాంటిదే ఉంది. మా ఇంట్లో మొత్తం ఏడున్నాయి" అన్నాడు.

నేను అమ్మమ్మకు చెప్పాను.

"ఏడా? ఎందుకంట? అంతమంది మేనల్లుళ్ళున్నారా?"

ఇది అతనికి చెప్పాను. అతను నవ్వి, దొంగలు వస్తే కాపాడుకోవడానికి అన్నాడు.

"దొంగలు ఎన్నిసార్లు వచ్చారో అడుగు."

ఒక్కసారి కూడా రాలేదన్నాడు.

"అదృష్టవంతులు. మా ఇంటికి పొద్దున్నే వచ్చారు, రెండు తుపాకులుండీ ఏం చేయగలిగాం" అంది అమ్మమ్మ. ఆ మాట నేను చెప్పలేదు. దుబాసీ కూడా మింగేశాడు. అతని కళ్ళు మాత్రం నవ్వాయి.

పోతూ పోతూ సార్జెంటు నన్ను అడిగాడు. "మీరు సంతోషం వస్తే తుపాకి ఎందుకు పేలుస్తారు? చప్పుడు వింటే మాకు మీ సంతోషం కనపడదు. ఎవరో చంపడానికి వచ్చారనే అనిపిస్తుంది." వాళ్ళ ఊళ్ళో భయపడ్డవాళ్ళు తుపాకి కొంటారట. మన ఊళ్ళో సంబరపడ్డవాళ్ళు బయటికి తీస్తారు. రెండు చోట్లా చప్పుడు మాత్రం ఒక్కటే. ఇది పుస్తకంలో రాసుకున్నాను. నీకు నచ్చకపోయినా కొట్టేయను.

రొట్టె కోసం వంతెన అవతలికి పోతున్నాం. ఉప్పు తక్కువ, మాడు ఎక్కువ. ఇన్నాళ్ళకు నువ్వు అడిగిన ఒకే ఒక్క ప్రశ్న రొట్టె గురించి. ఎందుకు?

నవార్


అమ్మాన్
డిసెంబరు 20

నవార్ తల్లీ,

నీ ఉత్తరం నా దిండు కింద నెల రోజులుంది. ఇవాళ జవాబు రాస్తున్నాను. కారణం ఒక కాఫీ కొట్టు.

నేను పొద్దున టీ తాగే చోట టీవీ ఉంది. అమెరికాలో ఒక బడిలో ఎవడో విద్యార్థి తన తండ్రి తుపాకి తెచ్చి కాల్చాడట. బస్రా నుంచి వచ్చిన కరీమ్ అనే ఆయన, "మన పెట్టెల్లో తుపాకులు వెతకడానికి సముద్రాలు దాటి వచ్చారు. వాళ్ళ పిల్లల సంచులు వెతికే దిక్కు లేదు" అన్నాడు. కొట్టు యజమాని, "తుపాకి అక్కడ పుట్టుకతో వచ్చే హక్కంట" అన్నాడు. "మనకూ ఉందిలే. వాళ్ళది పేల్చే హక్కు, మనది తగిలించుకునే హక్కు" అన్నాడు కరీమ్. అందరూ నవ్వారు. మూల కూర్చున్న ముసలాయన మాత్రం, "ఆ తల్లి ఏడుస్తోంది. కాసేపు నోరు మూయండ్రా" అన్నాడు. తెర మీద నిజంగానే ఒకావిడ ఏడుస్తోంది. నా టీ చల్లారిపోయింది.

ఆ తండ్రి తన తుపాకి పెట్టెలో భద్రంగా ఉందనుకుని ఉంటాడు. నేను ఆకాశం ఖాళీగా ఉందనుకున్నాను.

ఫలితాల రోజు సాయంత్రం కాల్చింది నేను.

నువ్వు ఇంకా బడి నుంచి రాలేదు. ఒక సహోద్యోగి దారిలో ఆగి నీ మార్కులు చెప్పాడు. జిల్లాలో నాలుగో స్థానం. నా తల తిరిగిపోయింది. తాతయ్య తుపాకి తీసుకుని మిద్దె ఎక్కి మూడు తూటాలు పేల్చాను. ఆ రోజు చాలా ఇళ్ళ మీద పేలుతున్నాయి. నాది వంతెనకు దగ్గర. మూడోదాని చప్పుడు ఆగకముందే వంతెన మీంచి కాల్పులు మొదలయ్యాయి. నేను మిద్దె మీద బోర్లా పడుకున్నాను. లేచి చూసేసరికి హాజిమ్‌ను దుప్పట్లో వేసి మోసుకుపోతున్నారు. పిండి, నెత్తురు. అతని చెయ్యి కిందికి వేలాడుతోంది.

తర్వాత సైనికులు వచ్చి ఎవరు కాల్చారని అడిగితే అందరూ తెలియదన్నారు. నేనూ తెలియదన్నాను. హాజిమ్, నేను ఒకే బల్ల మీద చదువుకున్నాం. ఆసుపత్రి దాకా రెండుసార్లు వెళ్ళి గేటు దగ్గర నుంచి వెనక్కి వచ్చాను. మూడో రోజు అమ్మాన్ బండి ఎక్కాను.

అతను ఉన్నాడో లేడో అడగడానికి నాకు ధైర్యం లేక, రొట్టె ఎక్కడ కొంటున్నారని అడిగాను. నీకు ఈ సంగతి చెప్పకూడదనే అనుకున్నాను. నీ మార్కుల మీద ఈ మరక పడకూడదని. పడనివ్వకు. తప్పు చదివినదానిది కాదు.

ధాఫిర్


బఖూబా
జనవరి 15, 2004

మామయ్యా,

నీ ఉత్తరం చదివాక వారం రోజులు నా పుస్తకంలో ఒక్క మాటా రాయలేదు. తర్వాత నాకు కోపం వచ్చింది. నీ మీద, వంతెన మీది వాళ్ళ మీద, నా మీద. హాజిమ్ బాబాయి బతికే ఉన్నాడు. నీకు తెలుసనుకున్నాను. ఊరంతటికీ తెలిసిన మాట నీ ఒక్కడికే ఎవరూ రాయలేదు. నువ్వు అడగలేదు.

శనివారం వాళ్ళింటికి వెళ్ళాను. అమ్మ చాలాసార్లు వెళ్ళింది గానీ నేను చదువు వంకతో ఒక్కసారీ వెళ్ళలేదు. వాకిట్లో ఎండలో కూర్చుని నారింజ ఒలుస్తున్నాడు. ఎడమ చేతికి రెండు వేళ్ళు ముడుచుకోవు. కాయను మోకాళ్ళ మధ్య పెట్టి కుడి చేత్తో ఒలుస్తున్నాడు. నేను సాయం చేయబోతే, "కూర్చో. ఈ కాయ నేను ఒలవగలను. రొట్టే చేయలేకపోతున్నాను" అన్నాడు. పిండిని రెండు చేతుల మధ్య అటూ ఇటూ కొట్టి వెడల్పు చేయాలి కదా. ఒంటి చేత్తో కుదరదు.

ఎలా మొదలుపెట్టాలో ఎంతో సాధన చేసుకుని వెళ్ళాను. ఒక్క మాటా గుర్తు రాలేదు. "బాబాయ్, ఆ రోజు కాల్చింది..." అన్నాను.

"మీ మామయ్య. తెలుసు."

నేను బిత్తరపోయాను.

"మీ తాత తుపాకి గొంతు నేను ఎరగనా? ఈ వీధిలో ప్రతి పెళ్ళికీ విన్నాను. మొదటిది పేలగానే మా ఆవిడతో అన్నాను, నవార్‌కు మంచి మార్కులొచ్చాయే, పిండి ఎక్కువ కలుపు, అందరూ రొట్టెలకు వస్తారని."

ఆసుపత్రిలో సైనికాధికారి వచ్చి అడిగినా ఎవరి పేరూ చెప్పలేదట. "ధాఫిర్ తూటా ఆకాశానికి పోయింది. నా కొట్లోకి వచ్చినది వంతెన మీంచి వచ్చింది. ఆ రెంటికీ తేడా నాకు తెలుసు. అతనికే తెలియలేదు" అన్నాడు.

నా కళ్ళలో నీళ్ళు చూసి, గొంతు పెంచాడు. "అట్లాగని నాకు కోపం లేదనుకోకు. పదకొండు రోజులు మంచం మీద ఉన్నాను. వచ్చిన ప్రతివాడి వెనకా మీ మామయ్య ఉన్నాడేమోనని తలుపు వైపు చూశాను. సైనికుడు కూడా వచ్చాడు గానీ వాడు రాలేదు. తుపాకి సంగతి వదిలేశాను. ఇది వదలను. ఉత్తరంలో ఇలాగే రాయి, తీపి కలపకు."

కలపలేదు, మామయ్యా.

లేచేటప్పుడు ఇంకో మాట అన్నాడు. "పెళ్ళి రొట్టెలు వంతెన అవతల కొంటారా, సిగ్గు లేకుండా? ఆ రోజుకు నేను పొయ్యి వెలిగిస్తాను. ఎడమ చెయ్యి కావాలి. మీ మామయ్యను రమ్మను."

ఇక మిగిలింది అబూ లైస్ పెదనాన్న. పెట్టె నిండా తూటాలు కొన్నాడు. ఒక్క ఆలోచన వచ్చింది, వంతెన దగ్గరికి వెళ్ళి ఫలానా రోజు మా ఇంట్లో పెళ్ళి, చప్పుడు వింటే కంగారు పడకండి అని చెబుదామని. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. వాళ్ళతో మాట్లాడిన వాళ్ళ తలుపుల మీద తెల్లారేసరికి ద్రోహులని బెదిరింపు రాసి ఉంటుంది, నీకూ తెలుసు. కాబట్టి ఆయన్ను ఆపగలవాడు నువ్వొక్కడివే. మేనమామ వాకిట్లో ఉండగా నీకంటే ముందు ఎవరూ పేల్చరు. నువ్వు లేకపోతే ఆయన పేలుస్తాడు. వాళ్ళు వింటారు. ఈసారి దుప్పట్లో ఎవరుంటారో నాకు తెలియదు.

రా. వచ్చి, ఏమీ చేయకు.

నవార్


అమ్మాన్
జనవరి 29

నవార్ తల్లీ,

సబ్రీకి ముందు సీటు చెప్పాను. అతను అడిగాడు, "ఇన్నాళ్ళూ ఉత్తరాలే పంపావు, ఇప్పుడు మనిషే వస్తున్నాడేం?" అని. ఎడమ చెయ్యి ఒకటి చేరవేయాలి అన్నాను. అర్థం కాలేదు. ఆ పేరుతో మిఠాయి ఏదైనా ఉందేమోనని నా సంచి వాసన చూశాడు.

హాజిమ్ గడపలో నిలబడి ఏమనాలో దారి పొడుగునా ఆలోచిస్తాను. నీ పుస్తకంలో పనికొచ్చే మాట ఏదైనా ఉంటే సిద్ధంగా పెట్టు.

ధాఫిర్


బఖూబా
ఫిబ్రవరి 21

మామయ్యా,

నువ్వు గదీ కొట్టూ అప్పగించి వస్తానని వెళ్ళి వారం. ఇంట్లో పెళ్ళి కబుర్లు ఇంకా ఆగలేదు. నువ్వు పొయ్యి దగ్గర ఉండి చూడనిది ఒకటుంది. దానికంటే ముందు, నువ్వు ఉండి కూడా చూడనిది రాస్తాను. నీ ముఖం నీకు కనపడలేదు కదా.

పెళ్ళికొడుకు గడపలోకి వచ్చాడు. డప్పు ఆగింది. అబూ లైస్ పెదనాన్న, ఆయన తమ్ముళ్ళు వాకిట్లో వరసగా నిలబడి తుపాకులు పైకెత్తారు. అమ్మమ్మ దుప్పటి విప్పి తాతయ్య తుపాకిని నీ చేతికిచ్చింది. నీ ముఖం పొయ్యిలో వేయని పచ్చి రొట్టెలా ఉంది. నువ్వు తుపాకి పైకెత్తావు. నేను చెవులు మూసుకున్నాను. ఎంతసేపు మూసుకున్నానో తెలియదు. చేతులు తీసి చూస్తే నువ్వు తుపాకిని దించి భుజానికి తగిలించుకుంటున్నావు.

"ఏం ధాఫిర్, కాల్చవేం?" అన్నాడు పెదనాన్న.

"కాలుస్తాను. తొందరేముంది?"

"ఎప్పుడు?"

"నాకు బుద్ధి పుట్టినప్పుడు. మొదటి తూటా నాదా, కాదా?"

"నీదే."

"అయితే ఆగండి." అని తుపాకి భుజాన వేసుకునే హాజిమ్ బాబాయి కొట్టుకు నడిచి వెళ్ళిపోయావు. పదిమంది మగాళ్ళు తుపాకులు పైకెత్తి అలాగే నిలబడ్డారు, వాన కోసం చూసే కొంగల్లా. ముందుగా నవ్వింది అమ్మమ్మ. తర్వాత పెళ్ళికొడుకు. చేతులు నొప్పి పుట్టి ఒక్కొక్కరే దించారు. నువ్వు కాల్చను అని ఉంటే పెదనాన్న పోట్లాడేవాడు. ఇంకా కాల్చలేదు అన్నావు. దాంతో పోట్లాడటానికి ఆయనకు దారి దొరకలేదు.

ఇక నువ్వు చూడనిది. పెళ్ళి కార్లు వరసగా బయలుదేరబోతుంటే సైనికుల బండి వీధిలోకి వచ్చింది. అప్పుడే డప్పువాడు ఒక్క దెబ్బ గట్టిగా వేశాడు. బండి మీది తుపాకి గిర్రున తిరిగి వాకిటి మీద నిలిచింది. డప్పువాడి కర్ర గాల్లోనే ఆగిపోయింది. పెదనాన్న తన తుపాకిని నెమ్మదిగా వీపు వెనక్కి తెచ్చుకోవడం నేను చూశాను.

అమ్మమ్మ గొంతెత్తి, పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ పెట్టే సంబరపు కూత పెట్టింది. ఒక్కతే. ఆపలేదు. అమ్మ అందుకుంది, తర్వాత నేను, తర్వాత వీధిలో ఆడవాళ్ళంతా. ఆ తుపాకి మెల్లగా ఆకాశం వైపుకు మళ్ళింది.

బండిలో మచ్చల సార్జెంటే. గుమ్మంలో అమ్మమ్మ పక్కన ఉన్న నన్ను గుర్తుపట్టాడు. "పెళ్ళా? మరి తుపాకులు పేలలేదేం?" అన్నాడు.

"మొదటి తూటా మా మామయ్యది. ఆయన ఇంకా పేల్చలేదు" అన్నాను.

"ఎక్కడున్నాడు?"

"రొట్టెలు చేస్తున్నాడు."

"తొందర పడొద్దని చెప్పు" అన్నాడు. బండి వెళ్ళిపోయింది. పెదనాన్న అరుగు మీద కూలబడి మంచినీళ్ళు అడిగాడు. తాగి, "ధాఫిర్ ఇవాళ కాల్చకపోయినా ఫర్వాలేదు" అన్నాడు. ఆయన నోట ఆ మాట విన్నవాళ్ళం ఏడుగురం ఉన్నాం, తర్వాత కాదంటే సాక్ష్యం చెబుతాం.

నీ కోసం పరుగెత్తుకుంటూ కొట్టుకు వచ్చాను. అక్కడ నువ్వూ హాజిమ్ బాబాయీ పిండి బల్లకు చెరోవైపు నిలబడి ఉన్నారు. అతని కుడి చెయ్యి, నీ ఎడమ చెయ్యి. పిండి ఇద్దరి మధ్య అటూ ఇటూ పోతోంది. నీ ముంజేతి వెంట్రుకలు కాలి కంపు కొడుతోంది. "ఇరవై ఏళ్ళు సుద్దముక్క పట్టుకున్న చెయ్యి, దీనికి బరువు తెలిసి చావదు" అని అతను తిడుతున్నాడు. నువ్వు ఏడుస్తూ నవ్వుతున్నావు. గడపలో నిలబడి అతనికి ఏం చెప్పావో నేను అడగలేదు. అడగను. తాతయ్య తుపాకి పిండి బస్తాలకు ఆనించి ఉంది, పైనుంచి కింద దాకా తెల్లగా. పసిపాప పోలిక కొట్టేశాను మామయ్యా. ఇప్పుడది తుపాకిలాగే ఉంది, మూల కూర్చుని తన వంతు కోసం చూసే ముసలి తుపాకిలాగా.

హాజిమ్ బాబాయి రోజూ పొద్దున కొట్టు తలుపు సగం తెరిచి, కాలేజీకి పోయే నన్ను ఆపి ఒకటే అడుగుతున్నాడు: "నా ఎడమ చెయ్యి ఎప్పుడొస్తుంది?" ఏం చెప్పను?

నవార్


అమ్మాన్
మార్చి 1

నవార్ తల్లీ,

గది తాళం ఇచ్చేశాను. నేను వచ్చేస్తుంటే పెన్సిళ్ళ కొట్టు యజమాని ఒక గ్లోబు కానుకగా ఇచ్చాడు. నీకు తెస్తున్నాను. దాని మీద బఖూబా లేదు, పెన్సిలుతో గుర్తు పెట్టాను.

అబూ లైస్‌కు చెప్పు, మొదటి తూటా ఇంకా నా దగ్గరే ఉందని. నీ పెళ్ళికి కూడా నేను తొందరపడనని.

హాజిమ్‌కు చెప్పు, ఎడమ చెయ్యి శనివారం బండికి బయలుదేరుతోందని. ఆదివారం పొద్దుటికి పిండి కలిపి ఉంచమను.

ధాఫిర్ మామయ్య